పాలమూరు మగ్గం, ఫేస్‌బుక్ వేలంపాట

ఇన్‌స్టాగ్రామ్‌లో ‘గద్వాల చీరలు’ అని ఒకసారి వెతికి చూడండి. ఆ తర్వాత రెండు రోజులు ఫోను తెరిస్తే చాలు, చీరల యాడ్‌లే. ఒకదాంట్లో 899 రూపాయలు, డెలివరీ ఫ్రీ, సరుకు చేతికొచ్చాకే డబ్బు. దాని వెనకే ఇంకొకటి: 14 వేలు, డబ్బు ముందే పంపాలి, నేసి ఇవ్వడానికి మూడు వారాలు. రెండింటి మీదా రాసింది గద్వాలే. అరచేతంత తెర మీద రెండూ ఒకేలా మెరుస్తాయి. మొదటిది ఎక్కడో మరమగ్గం మీద పాలిస్టర్ దారంతో గంటల్లో తయారైంది. రెండోది గద్వాల చుట్టుపక్కల నడిగడ్డలో మనుషులు గుంట మగ్గం దగ్గర రోజుల తరబడి కూర్చుంటే వచ్చింది. ఈ రెండో చీర అమ్ముకునేవాళ్ళు యాడ్‌కు డబ్బు పెట్టాలా, పెడితే ఎలా పెట్టాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల్లో ఆన్‌లైన్ దుకాణం అంటే ముందుగా చీరల దుకాణమే. ఇటు గద్వాల, రాజోలి, అమరచింత, నారాయణపేట. అటు పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్. పచ్చళ్ళవాళ్ళున్నారు, కొల్లాపూర్ మామిడి పెట్టెలు పంపేవాళ్ళున్నారు, జొన్నరొట్టెలు ప్యాక్ చేసి హైదరాబాదుకు పంపే మహిళా సంఘాలున్నాయి. కానీ యాడ్‌ల మీద ఎక్కువ డబ్బు పోసేదీ, ఎక్కువ పోగొట్టుకునేదీ చీరలవాళ్ళే. కారణం నా దృష్టిలో ఒకటే. సోషల్ మీడియా యాడ్ యంత్రం చవకగా, లెక్కకు మిక్కిలిగా అమ్మేవాడికి అనుకూలంగా కట్టింది. మగ్గం సరుకు తక్కువ, ధర ఎక్కువ, ఒక్కో చీర ఒక్కటే. ఈ పొత్తు కుదరదని తెలియక యంత్రాన్ని తిట్టేవాళ్ళు కొందరు, తమ చీరనే అనుమానించుకునేవాళ్ళు ఇంకొందరు.

చరిత్ర పొడుగుదేం కాదు. ఫేస్‌బుక్ తన యాడ్‌ల వ్యవస్థను 2007 నవంబరులో తెరిచింది. డబ్బు పెట్టి పోస్టును ముందుకు తోసే ‘బూస్ట్’ సౌకర్యం 2012లో మొదలైంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న వ్యాపారి కూడా యాడ్ వేసుకునే వీలు 2015లో, వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో. మన ఊళ్ళలో అసలు కదలిక మాత్రం 2020 లాక్‌డౌన్‌తోనే. షోరూములు మూతబడ్డాయి, ఎగ్జిబిషన్లు ఆగాయి, పెళ్ళిళ్ళు ఇంట్లో పదిమందితో అయిపోయాయి. పోచంపల్లిలో, గద్వాలలో నేసిన చీరలు బీరువాల్లో పేరుకుపోయాయి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఖాళీగా ఉండి ఫోను పట్టుకున్నారు. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ తెచ్చింది. మగ్గాలు పెట్టి నేయించే మాస్టర్ వీవర్ కొడుకో కోడలో చీర భుజాన వేసుకుని రీల్ చేయడం అప్పటినుంచీ మామూలైపోయింది.

అప్పట్లో డబ్బు పెట్టకుండానే పదివేల మంది చూసేవారు. తర్వాత అందరూ వచ్చేశారు. ఊరికే పోస్టు పెడితే చూసేవాళ్ళు తగ్గారు, బూస్ట్ కొట్టక తప్పలేదు. కొట్టడం అందరికీ వచ్చు. బొత్తాం నొక్కి, రోజుకు 200 అని పెట్టి, ఐదు రోజులు వదిలేయడమే. ఐదు రోజుల తర్వాత 800 లైకులు, 60 హృదయాలు, నాలుగు ‘సూపర్ అక్కా’లు. చీర మాత్రం ఎక్కడిదక్కడే.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే యాడ్ చోటు ఎలా అమ్ముడవుతుందో చూడాలి. మీ ఫోను తెర మీద ఒక ఖాళీ జాగా వచ్చిన ప్రతిసారీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సొంతదారు మెటా కంపెనీ లోపల చిన్న వేలంపాట జరుగుతుంది. అందులో ఎక్కువ డబ్బు పాడినవాడే గెలుస్తాడని అనుకుంటాం. కంపెనీ మూడు సంగతులు కలిపి చూస్తుంది. ఒకటి, యాడ్‌వాడు పాడిన పాట. రెండు, ఈ యాడ్ చూసిన ఈ మనిషి మనం కోరిన పని చేసే అవకాశం ఎంత. మూడు, యాడ్ నాణ్యత, అంటే జనం దాన్ని దాచేస్తున్నారా, ఫిర్యాదు చేస్తున్నారా, మోసపు మాటలేమైనా ఉన్నాయా అన్నది. రెండో సంగతి దగ్గరే 899 చీర గెలుస్తుంది. దాన్ని కొనడానికి ఎవరూ ఇంట్లో అడగక్కర్లేదు. చూసిన వెంటనే నొక్కేస్తారు. నొక్కేవాళ్ళు ఎక్కువున్న యాడ్‌కు అదే జాగా చవకగా దొరుకుతుంది. అంటే నకిలీ చీరవాడు మీకంటే తక్కువ డబ్బుతో మీ కస్టమరు కంటబడుతున్నాడు. ఇది ఎవరూ పన్నిన కుట్రేం కాదు, లెక్క అలా పడుతుంది.

ఇంకో చిక్కుంది. యంత్రం నేర్చుకోవాలి. ఎలాంటివాళ్ళు కొంటున్నారో దానికి అర్థం కావడానికి ఒక యాడ్ సెట్ (ఒకే జనానికి, ఒకే బడ్జెట్‌తో వేసే యాడ్‌ల గుంపు) మీద వారంలో సుమారు 50 ఫలితాలు రావాలని మెటాయే చెబుతుంది. ‘ఫలితం’ అంటే కొనుగోలు అని మనం పెట్టుకుంటే వారానికి 50 చీరలు అమ్మాలి. గద్వాలలో సొంత మగ్గాలు పది ఉన్న మనిషికి వారానికి అన్ని చీరలు రావు, అమ్మడం తర్వాతి మాట. అందుకని చాలామంది ‘మెసేజ్‌లు’ అన్న లక్ష్యాన్ని ఎంచుకుంటారు. అది దొరుకుతుంది. యంత్రం మహా విధేయురాలు, ఏది అడిగితే అది తెచ్చి ముందు పోస్తుంది. లైకులు అడిగితే లైకులు కొట్టే అలవాటున్నవాళ్ళను, మెసేజ్‌లు అడిగితే మెసేజ్‌లు పెట్టే అలవాటున్నవాళ్ళను. కొనేవాళ్ళను తెమ్మని మనం అడగనే లేదు కదా.

కాబట్టి వడపోత పని యాడ్ చేయాలి. కొననివాడు యాడ్ చూసే దగ్గరే ఆగిపోవాలి, కొనే మనిషి ఆగి చూడాలి. నకిలీ యాడ్ చూపించలేనిది అసలు యాడ్ చూపించాలి. అది మగ్గంలోనే ఉంది, వేరే ఏజెన్సీకి పోనక్కర్లేదు.

గద్వాల చీర తీసుకోండి. ఒళ్ళంతా నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. నూలు ఒంటికీ పట్టు అంచుకీ మధ్య అతుకు కుట్టింది కాదు. కుప్పడం నేతలో ఒంటి పేకనూ అంచు పేకనూ వేర్వేరు నాడెలతో నడిపిస్తూ ప్రతి వరుసలోనూ ఒకదాంట్లో ఒకటి మెలేసి ముందుకు పోతారు. సాయానికి పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. ఆ కలిసే గీత దగ్గర ఫోను కెమెరా పెట్టి, చీర తిరగేసి, వేలితో అంచు పొడుగునా రాసి చూపించండి. పన్నెండు సెకన్లు చాలు. మరమగ్గం చీరలో ఆ గీత ఉండదు, వెనక దారాలు కత్తిరించిన పోగులు కనిపిస్తాయి. ఒకసారి ఈ తేడా కళ్ళారా చూసిన ఆడమనిషి మళ్ళీ 899 యాడ్ నొక్కదు. కనీసం గద్వాల అనుకుని నొక్కదు.

పోచంపల్లి, పుట్టపాకలది ఇంకో తీరు. చిటికి కట్టి, అంటే రంగు తగలకుండా ముడులేసి, నూలుకే ముందు రంగులద్ది, ఆ రంగుల లెక్క తప్పకుండా నేస్తారు. దీన్నే ఇకత్ అంటారు, అందుకే దానికి ముందూ వెనకా తేడా ఉండదు. బొమ్మ అంచుల్లో రంగు సన్నగా చెదిరినట్టు కనిపిస్తుంది, ఆ చెదరడమే దాని సాక్ష్యం. అచ్చు వేసిన నకిలీ గుడ్డ తిరగేస్తే వెలిసిపోయినట్టుంటుంది, ముందు మాత్రం గీత గీసినట్టు పదునుగా ఉంటుంది. ఆసు పోయడం చూపిస్తే ఇంకా మంచిది. మేకుల చుట్టూ చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పే ఆ పనిలో అమ్మ పడిన భుజాల నొప్పి చూడలేకనే కదా ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. ఇంత కథ పెరట్లో పెట్టుకుని ‘అదిరిపోయే కలెక్షన్, త్వరపడండి’ అని రాసుకునే దుకాణాన్ని ఏమనాలి?

పుట్టపాక తేలియా రుమాలు చూపించడం అన్నిటికన్నా కష్టం. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్ళలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. ఆ వాసన గుడ్డను వదలదు. ఫోనులో వాసన పోదు కాబట్టి మాటల్లోనే చెప్పాలి, నూలు నానబెట్టే గాబును చూపించాలి. ఆ ఊరి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. ఒక్క ఊరికి ఇంత పేరుంటే యాడ్‌లో ఊరి పేరు మొదటి మూడు సెకన్లలోనే వినపడాలి. రీల్ చూసేవాడు ఆగుతాడో జారిపోతాడో తేలేది ఆ మూడు సెకన్లలోనే.

వీడియోకు సినిమా పాట పెట్టకండి. మామూలు రీల్‌కు పనికొచ్చిన పాట డబ్బు పెట్టిన యాడ్‌కు పనికిరాదు. హక్కుల గొడవతో యాడ్ ఆగిపోతుంది, లేదా మూగదైపోతుంది. మగ్గం చప్పుడుకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. చాలామంది శబ్దం కట్టేసి చూస్తారు కాబట్టి చెప్పిన మాట తెర మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పడాలి. చెప్పే మాట పాలమూరు మాటే కావాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ వాళ్ళు ఊరి యాసతో ఎంతమందిని కూర్చోబెట్టారో చూశాం. గద్వాల యజమానురాలు న్యూస్ రీడర్ గొంతు తెచ్చుకుని ‘హాయ్ ఫ్రెండ్స్’ అంటే ఎవరికీ నమ్మకం కలగదు. ‘ఇగో చూడు అక్కా, ఈ గీత చూడు’ అంటే కలుగుతుంది.

ఫొటో పగటి వెలుతురులో తీయాలి, ఫిల్టరు వద్దు. పడుగొక రంగు, పేకొక రంగు ఉన్న నెమలికంఠం చీరను ఫోను ఒక్క రంగుగానే పట్టుకుంటుంది. అందుకని అరుగు మీద ఒకసారి, ఇంట్లో బల్బు కింద ఒకసారి చూపించాలి. వెనక్కి వచ్చే చీరల్లో చాలావాటికి చెప్పే కారణం ‘ఫొటోలో రంగు వేరు’ అన్నదే.

ఇక ధర. ‘ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి’ అన్న జబ్బు ఈ రంగమంతా పట్టుకుంది. పక్క దుకాణం వాడికి తెలిసిపోతుందని భయం, పెద్ద అంకె చూసి జారిపోతారని ఇంకో భయం. పక్కవాడికి ఎలాగూ తెలుసు. ఇక జారిపోయేవాళ్ళు జారిపోవడమే మనకు లాభం. 12 వేల చీరకు ధర రాయకుండా మెసేజ్‌లు పిలిస్తే, రెండు వేలలో అనుకున్నవాళ్ళు వందమంది వచ్చి అడిగి, తెలుసుకుని, ఒక్క మాట లేకుండా పోతారు. ఆ వందమందికీ మీరు డబ్బు కట్టారు. మంచి యాడ్ రాత ఎలా ఉంటుందో ఒకటి రాసి చూపిస్తాను:

‘గద్వాల. నూలు ఒళ్ళు, పట్టు అంచు, పట్టు కొంగు. కుప్పడం నేత, రాజోలి మగ్గం. ఈ రంగు ఒక్కటే ఉంది, ఇదే నేత వేరే రంగులో కావాలంటే మూడు వారాలు. 9,500 రూపాయలు, పోస్టు ఖర్చు మాదే. వీడియో కాల్‌లో చూసి కొనండి.’

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. ‘ఇదే నేత వేరే రంగులో’ అన్న మాటకు మాత్రం చాలా విలువుంది. ఒక్క చీరకే యాడ్ వేస్తే మొదటి రోజే అది అమ్ముడై, మిగతా నాలుగు రోజులూ ‘అయిపోయింది అక్కా’ అని చెప్పడానికి డబ్బు కడుతూ కూర్చోవాలి. నేతను అమ్మాలి, రంగును ఆర్డరు తీసుకోవాలి. నారాయణపేట వాళ్ళకు ఈ బాధ తక్కువ. గళ్ళ ఒళ్ళు, గుడి అంచు, ఒకే పడుగు మీద వరసగా అదే తీరు చీరలు వస్తాయి, నూలు రకాల ధర కూడా మధ్యతరగతికి అందేదే. నారాయణపేట నూలు చీరకు క్యాటలాగ్ పెట్టి, నేరుగా ‘కొనుగోలు’ లక్ష్యంతో యాడ్ వేయొచ్చు. గద్వాల చీర, పుట్టపాక రుమాలు మాత్రం వాట్సాప్ మాటల్లోనే అమ్ముడవుతాయి. రెండింటికీ ఒకే పద్ధతి చెప్పే డిజిటల్ మార్కెటింగ్ కోర్సువాళ్ళను నమ్మొద్దు.

వాట్సాప్‌లోకి వచ్చాక యాడ్ పని అయిపోయిందనుకుంటారు. సగం కథ అక్కడే ఉంటుంది. రాత్రి తొమ్మిది, పది మధ్య, ఇంటి పనులు తెమిలాక ఆడవాళ్ళు ఫోను చూసే వేళలో దుకాణంవాళ్ళు నిద్రపోతే ఆ మెసేజ్ తెల్లారేసరికి చల్లారిపోతుంది. ఇక జవాబిచ్చేటప్పుడు వచ్చే కోపం సంగతి. 2025 ఏప్రిల్‌లో రాజమండ్రి పచ్చళ్ళ వ్యాపారం ఒకటి ఎలా కుప్పకూలిందో తెలుగువాళ్ళందరూ చూశారు. ధర ఎక్కువన్న కస్టమరుకు తిట్లతో వెళ్ళిన ఒక్క వాయిస్ మెసేజ్ ఊరూవాడా తిరిగింది. అన్నేళ్ళ రీల్స్‌తో వచ్చిన పేరు కొద్ది రోజుల్లో పోయింది. ధర ఎందుకంత అన్న ప్రశ్నకు మన దగ్గర మంచి జవాబుంది, మగ్గం వీడియో. అది పంపి ఊరుకోవడం నేర్చుకుంటే చాలు.

ఇప్పుడు లెక్క. అంకెలు ఊహకే గానీ తీరు నిజమైనదే. చీర 8,000కు అమ్ముతున్నాం. నేతగాడి కూలి, పట్టు, జరీ, అన్నీ కలిపి 6,000 పడింది. ప్యాకింగు, కొరియరు 200. మిగిలింది 1,800. యాడ్ ద్వారా వచ్చే ఒక్కో మెసేజ్‌కు 25 రూపాయలు పడుతోందనుకుందాం. నలభై మందిలో ఒకరు కొంటే ఒక చీర అమ్మడానికి యాడ్ ఖర్చు వెయ్యి. దాని మీద 18 శాతం జీఎస్టీ, 180. చేతిలో మిగిలేది 620. ఎనభై మందిలో ఒకరే కొంటే యాడ్ ఖర్చు పన్నుతో 2,360, అంటే చీరకు 560 నష్టం. ఆ నష్టంలోనూ యాడ్స్ మేనేజర్ తెర ఏమంటుంది? పెట్టిన రూపాయికి నాలుగు రూపాయల అమ్మకం వచ్చిందని పచ్చరంగులో చూపిస్తుంది. ఆ నాలుగు చూసి మురిసిపోయి బడ్జెట్ రెట్టింపు చేసినవాళ్ళున్నారు. మన చీరకు ఐదుకు పైన వస్తేనే గట్టెక్కినట్టు. ఈ ‘ఐదు’ ఎంతో ప్రతి దుకాణమూ తన సరుకుకు తాను లెక్క కట్టుకోవాలి. ఎవరూ చెప్పరు, యాడ్ అమ్మేవాడైతే అసలే చెప్పడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు యాడ్ మీద కట్టిన పన్నును తిరిగి లెక్కలో చూపించుకోవచ్చు, లేనివాళ్ళకు అది పోయినట్టే. ఇంటికొచ్చాక డబ్బు అనే పద్ధతిలో తలుపు దగ్గర వద్దన్న పార్సిల్‌కు రానుపోను ఖర్చు మనదే. అందుకే ఖరీదు చీరకు ఆ పద్ధతి వద్దని నా సలహా. వెయ్యి రూపాయలు అడ్వాన్సు తీసుకుంటే చాలు, మనిషి మనసు తేలిపోతుంది.

ఎవరికి చూపించాలి? భాష అన్న చోట ‘తెలుగు’ అని నొక్కితే తెలుగువాళ్ళందరికీ పోతుందనుకుంటారు. యాప్‌ను ఇంగ్లీషులోనే పెట్టుకునే తెలుగువాళ్ళే చీర కొనే జీతాలున్నవాళ్ళు. తెలుగు నొక్కితే వాళ్ళు తప్పిపోతారు. ఊళ్ళు ఎంచుకోవడం మేలు. హైదరాబాదు ఎలాగూ ఉంది. ముంబై, పుణె, భివండి, షోలాపూర్‌లను మరిచిపోతున్నాం. పాలమూరు నుంచి వలసపోయినవాళ్ళ పిల్లలు అక్కడ స్థిరపడ్డారు, షోలాపూర్‌లో పద్మశాలీల తరాలున్నాయి. నారాయణపేట చీర అంటే మరాఠీ ఇళ్ళలోనూ తెలుసు. ఆ ఊళ్ళకు యాడ్ వేసే దుకాణాలు తక్కువ కాబట్టి పోటీ కూడా తక్కువే ఉండాలి. వేసి చూడదగ్గ పందెం.

అమెరికా తెలుగువాళ్ళ మీద అందరికీ ఆశ. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం తీసేసింది. మన తపాలా శాఖ కొన్ని వారాలు అక్కడికి పార్సిళ్ళ బుకింగే ఆపేసి, అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టింది. ఇకమీదట అక్కడికి వేసే యాడ్‌లో సుంకం ఎవరు కడతారో ముందే రాయాలి. లేకపోతే తలుపు దగ్గర బిల్లు చూసిన ఆమె కోపం మీ పేజీ కింద కామెంటుగా తేలుతుంది.

అన్నిటికంటే మంచి జాబితా మీ పాత కస్టమర్లది. ఆ ఫోను నంబర్లు ఎక్కిస్తే యంత్రం అలాంటివాళ్ళనే వెతికి పెడుతుంది, ఒక దేశంలో కనీసం వందమంది ఉండాలి. అయితే 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మనిషి సమ్మతి అడగమంటోంది. బిల్లు రాసేటప్పుడే ‘కొత్త చీరల సంగతి పంపమంటారా’ అని అడిగి రాసుకోవడం మర్యాద కూడా.

ఎప్పుడు వేయాలన్నది పంచాంగం చెబుతుంది, కోర్సు చెప్పదు. మూఢంలో పెళ్ళిచీరకు యాడ్ వేసి డబ్బు తగలేసినవాళ్ళు కొల్లలు. దసరా, దీపావళి ముందు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లు కోట్లు కుమ్మరించే వారాల్లో వేలంపాట రేట్లు ఆకాశాన్నంటుతాయి. అప్పుడు మన రెండొందల బూస్ట్ ఏ మూలకూ చాలదు. నేత సరుకుకు ఎలాగూ వారాలు పడుతుంది కాబట్టి ఆషాఢంలో ఆర్డర్లకు యాడ్ వేయాలి, శ్రావణం పెళ్ళిళ్ళకూ, బతుకమ్మకూ చీర అందించాలి. ఆషాఢం అంటే డిస్కౌంటు నెల అనే అలవాటును షోరూములకు వదిలేద్దాం. మగ్గానికి అది బుకింగ్ నెల.

చట్టం మన వైపే ఉంది, వాడుకునేవాళ్ళు లేరు. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక తేలియా రుమాలు నాలుగింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరును తప్పుగా వాడితే 1999 నాటి చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాలను మగ్గానికే కేటాయించింది, చీర అందులో ఉంది. మెటా యాడ్ లైబ్రరీ తెరిచి ‘గద్వాల’ అని కొడితే ఇప్పుడు నడుస్తున్న యాడ్‌లు ఎవరివో అందరికీ కనిపిస్తాయి. అక్కడినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. ఒక్కరు పెడితే వినకపోవచ్చు, ఊరు ఊరంతా పెడితే సంగతి వేరు.

చట్టం మన దుకాణాలకూ వర్తిస్తుందని గుర్తుండాలి. ‘పార్సిల్ విప్పే వీడియో లేకపోతే రిటర్న్ లేదు’ అని ప్రతి పేజీలో రాసుకుంటున్నారు. మోసగాళ్ళ భయం నిజమే. కానీ 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న సరుకునూ, యాడ్‌లో చూపినట్టు లేని సరుకునూ వెనక్కి తీసుకోననే హక్కు అమ్మేవాడికి లేదు. డబ్బు తీసుకుని చీర చూపించే ఇన్‌ఫ్లుయెన్సర్ అది యాడ్ అని చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చాయి. 1915కు ఫోను చేసే కస్టమర్లు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నారు.

ఇంత చెప్పాక కూడా ఒక్క దుకాణం ఒంటరిగా ఎంత దూరం పోగలదన్న ప్రశ్న మిగులుతుంది. వారానికి 50 అమ్మకాలు ఒక్కరి వల్ల కాదు. పోచంపల్లిలో పది దుకాణాలు ‘హైదరాబాదు, ఆడవాళ్ళు, పట్టుచీరలు’ అని ఒకే జనాన్ని ఎంచుకుని యాడ్ వేస్తే ఆ పదిమందీ ఒకరి మీద ఒకరు వేలంపాట పాడుకుంటున్నట్టే. రేటు పెంచుకునేదీ వాళ్ళే, కట్టేదీ వాళ్ళే. నారాయణపేటలో జిల్లా యంత్రాంగం చొరవతో మహిళా సంఘాల సరుకును ‘ఆరుణ్య’ అనే ఒక్క పేరు కిందికి తెచ్చి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆ దారి సరైనది. పది దుకాణాలకు ఒక పేజీ, ఒక క్యాటలాగ్, ఒక యాడ్ ఖాతా ఉంటే వారానికి 50 అన్న గీత అందుతుంది, యంత్రం మన కస్టమరెవరో నేర్చుకుంటుంది. ఆర్డరు ఎవరి చీరకొస్తే డబ్బు వాళ్ళది, యాడ్ ఖర్చు అమ్మకాన్ని బట్టి పంచుకోవాలి. ప్రతి చీర కింద నేసినవాళ్ళ పేరు ఉండాలి, మాస్టర్ వీవర్‌ది ఒక్కటే కాదు. సహకారం ఈ ఊళ్ళకు కొత్త మాటేం కాదు, నూలు కొనడానికి సొసైటీలు పెట్టుకున్నవాళ్ళు యాడ్ కొనడానికి పెట్టుకోలేరా? వచ్చే ఆషాఢం లోపే గద్వాల, నారాయణపేట, పోచంపల్లి దుకాణదారులు కలిసి కూర్చోవాలి. చేనేత శాఖ, రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో తమ వంతుగా పండగకో హోర్డింగు కట్టడం మాని, ఊరికొక వీడియో తీసే కుర్రాడినీ, లెక్క రాసే మనిషినీ ఇవ్వాలి.